రాత్రి ఉన్నవి పొద్దునకు లేవు

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కోసం కంప్యూటర్ తనంతట తానే ఆగి మళ్లీ మొదలైతే, బ్రౌజర్‌లో వరుసగా తెరిచి ఉంచుకున్న ట్యాబులన్నీ మాయమవుతుంటాయి. ఇది చాలామందికి అనుభవమే. డబ్బు పోతే లెక్క ఉంటుంది, వస్తువు పోతే వెతుకులాట ఉంటుంది. ట్యాబులు పోతే ఏం పోయిందో పక్కవాళ్లకు చెప్పడం కూడా కష్టం. "మళ్లీ తెరుచుకుంటే సరిపోతుందిలే" అంటారు. సరిపోదని నేనంటాను. ఎందుకు సరిపోదో, పోయినవాటిని ఎంతవరకు తెచ్చుకోవచ్చో, పోకుండా ఏం చేయాలో ఈ కొద్ది నిమిషాల్లో చెబుతాను.

మాది పామిడి. గుత్తికీ అనంతపురానికీ మధ్య, 44వ జాతీయ రహదారి మీద, పెన్న ఒడ్డున ఉన్న ఊరు. గుడ్డల వ్యాపారానికి, నైటీలకు పేరు. మా ఊళ్లో కుట్టుమిషను లేని వీధి ఉండదు కానీ, సొంత కంప్యూటరున్న ఇల్లు మాత్రం వెతుక్కోవాలి. ఉన్నచోట కూడా అది ఒకరి సొత్తు కాదు. పగలు అన్న బిల్లులు చేసుకుంటాడు, సాయంత్రం తమ్ముడు పాఠాలు వింటాడు, అందరూ పడుకున్నాక అక్క చదువుకుంటుంది.

అలాంటి ఒక అక్క సంగతి చెబుతాను. 2025 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. జూన్‌లో పరీక్షలు మొదలు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన పరీక్షకు చేతికి దొరికింది నెలా పదిహేను రోజులు. మా వీధిలో బీఈడీ చేసిన ఒక అమ్మాయి రాత్రి తొమ్మిది దాటాక అన్న లాప్‌టాప్ తీసుకుని కూర్చునేది. సిలబస్ ఒక ట్యాబులో, పాత ప్రశ్నపత్రాలు మూడు నాలుగు ట్యాబుల్లో, ఎస్సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు ఒక్కో తరగతిది ఒక్కో ట్యాబులో, సగంలో ఆపిన వీడియో పాఠం ఒకటి, ఛందస్సు గణాలను పట్టిక కట్టి చూపించిన పేజీ ఒకటి. ఆ ట్యాబుల వరుసే ఆమె చదువు ప్రణాళిక. ఎడమవైపు ఉన్నవి అయిపోయినవి, కుడివైపు ఉన్నవి చదవాల్సినవి. కాగితం మీద ఎక్కడా రాసుకోలేదు. రాయాల్సిన అవసరమే కనిపించలేదు, ఎదురుగానే ఉన్నాయి కదా.

ఒకరోజు పొద్దున్నే వాకిట్లోకి వచ్చి నిలబడింది. "రాత్రి అన్నీ ఉండె సార్. మూతేసి పడుకుంటి. పొద్దున తెరిస్తే ఒక్కటీ లేదు" అంది. లాప్‌టాప్ చేతిలోనే ఉంది. బ్రౌజర్ తెరిస్తే తెల్లటి ఖాళీ పేజీ, మధ్యలో వెతుకు గడి. అంతే.

కూర్చుని హిస్టరీ తెరిచాం. రోజుల వారీగా పేజీల పేర్లు వచ్చాయి. పాఠ్యపుస్తకాలు దొరికాయి, ప్రశ్నపత్రాలు దొరికాయి. కానీ హిస్టరీలో కనిపించే వరుస వేరు, ఆమె పేర్చుకున్న వరుస వేరు. ఒకే ప్రశ్నపత్రం పేరు ఐదుసార్లు, పది చోట్ల "డౌన్‌లోడ్" అన్న పేరు, ఏది చదివిందో ఏది చదవాలో తెలిపే గుర్తు లేదు. ఛందస్సు పట్టిక అసలు దొరకలేదు. దాని పేరు ఆమెకు గుర్తు లేదు, సైటు పేరు గుర్తు లేదు. "పసుపు రంగు గడులుంటాయి సార్, భగణం దగ్గర చిన్న అచ్చుతప్పు ఉంటుంది" అంటుంది. కంటికి అంత స్పష్టంగా గుర్తున్న పేజీని కంప్యూటర్‌కు చెప్పే దారి లేదు. చివరికి అది ప్రైవేటు విండోలో తెరిచిన పేజీ అని తేలింది. అన్న ఖాతాతో కలవకూడదని అలా తెరిచింది. ప్రైవేటు విండోలో చూసింది బ్రౌజర్ హిస్టరీలోకి ఎక్కదు.

"పిల్లలు క్రమశిక్షణ లేక ఇన్ని ట్యాబులు తెరిచి పెడతారు" అని పెద్దవాళ్లు తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ఈ అలవాటు మీదే అధ్యయనం చేశారు. మూసేస్తే మళ్లీ ఆ పేజీ వైపు రామేమోనన్న భయంతోనే జనం ట్యాబులు మూయరని వాళ్లు గమనించారు. ఎదురుగా ఉంటేనే పని గుర్తుంటుంది. అదే సమయంలో, ట్యాబులు మరీ ఎక్కువై బ్రౌజరో కంప్యూటరో నిలిచిపోయిందని చెప్పినవాళ్లు ఇంచుమించు నాలుగో వంతు మంది. అంటే మన అమ్మాయి చేసిందే లోకమంతా చేస్తోంది. ఫోన్లలో చూడండి, క్రోమ్‌లో ట్యాబుల సంఖ్య 99 దాటితే అంకె చూపడం మానేసి నవ్వు ముఖం గుర్తు చూపిస్తుంది. అంతదాకా పోయేవాళ్లు చాలామంది ఉన్నారనే కదా ఆ ఏర్పాటు!

అసలు ఈ పేజీలు ఎక్కడుంటాయి? ట్యాబు తెరిచినప్పుడు ఆ పేజీ కంప్యూటర్ తాత్కాలిక జ్ఞాపకంలో, అంటే ర్యామ్‌లో ఉంటుంది. కరెంటు పోయినా, యంత్రం ఆగినా ర్యామ్‌లో ఉన్నది ఉండదు. మన అనంతపురం రైతుకు ఇది అర్థం కావడానికి పెద్ద వివరణ అక్కర్లేదు. కళ్లంలో ఆరబోసిన శనక్కాయ కంటికి నిండుగా కనిపిస్తుంది, కానీ మూటకట్టి లోపల వేసేదాకా అది ఇల్లు చేరినట్టు కాదు. తెరిచి ఉన్న ట్యాబు సంగతీ అంతే.

అయితే బ్రౌజర్లు పూర్తిగా చేతులెత్తేయవు. ఏయే ట్యాబులు తెరిచి ఉన్నాయో, వాటి చిరునామాల జాబితాను ఎప్పటికప్పుడు డిస్కు మీద ఒక ఫైలులో రాసుకుంటూ ఉంటాయి. ఫైర్‌ఫాక్స్‌లో ఈ సదుపాయం 2006 అక్టోబరులో వచ్చిన రెండో వెర్షన్ నుంచి ఉంది. మామూలుగా ప్రతి 15 సెకన్లకు ఒకసారి ఆ జాబితాను రాస్తుంది. కొత్త వెర్షన్‌కు మారేటప్పుడు పాత జాబితాకు విడిగా ఒక నకలు కూడా తీసి పెడుతుంది. 2008లో వచ్చిన క్రోమ్ కూడా ఇలాంటి ఫైళ్లనే ఉంచుకుంటుంది.

మరి ఇంత ఏర్పాటు ఉండి ఎందుకు పోతున్నాయి? ఇక్కడ రెండు రకాల రీస్టార్టులను వేరుచేసి చూడాలి. బ్రౌజర్ తన అప్‌డేట్ కోసం తానే మూసుకుని తెరుచుకుంటే సాధారణంగా ట్యాబులను తిరిగి తెస్తుంది. కంప్యూటర్ మొత్తం ఆగి మొదలైనప్పుడే చిక్కు. విండోస్ అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతాయి. మన గడియారం ప్రకారం అది మంగళవారం రాత్రి పది పదకొండు గంటలు. ఆ తర్వాత యంత్రం రీస్టార్ట్ కావడానికి మనం పనిచేయని వేళ కోసం చూస్తుంది. పగలు పనివేళ, రాత్రి విశ్రాంతి అని సాధారణంగా దాని అంచనా. ఇల్లంతా పడుకున్నాక చదువుకునే అమ్మాయి ఆ అంచనాలో లేదు. యంత్రం మళ్లీ మొదలయ్యాక బ్రౌజర్ తెరిస్తే, పాత ట్యాబులు తెమ్మని మనం ముందే చెప్పి ఉండకపోతే, ఖాళీ పేజీతోనే మొదలవుతుంది.

ఇంకా కొన్ని కారణాలున్నాయి. రెండు విండోలు తెరిచి, ట్యాబులు నిండిన పెద్ద విండోను ముందు మూసి, చిన్నదాన్ని తర్వాత మూస్తే బ్రౌజర్ దృష్టిలో చివరి సెషన్ ఆ చిన్నదే. మూసిన ప్రతిసారీ హిస్టరీ తుడిచేసే అమరిక పెట్టుకున్నా, "కంప్యూటర్ శుభ్రం చేస్తాం" అనే సాఫ్ట్‌వేర్లు వేసుకున్నా జాబితాకు చేటు. బ్రౌజర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఒక్కోసారి కొత్త ప్రొఫైల్ తయారవుతుంది. అప్పుడు బుక్‌మార్కులతో సహా అన్నీ పోయినట్టు కనిపిస్తుంది కానీ, పాత ప్రొఫైల్ డిస్కులో చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇది తెలియక ఏడ్చినవాళ్లున్నారు. ఇక నెట్ సెంటర్ల సంగతి వేరు. కొన్నిచోట్ల యంత్రం రీస్టార్ట్ అయితే పాత స్థితికే తిరిగి వచ్చేలా బిగించి ఉంచుతారు. వైరస్‌ల నుంచి కాపాడుకోవడానికి అది మంచి ఏర్పాటే. కానీ అక్కడ కూర్చున్న పిల్లవాడి ట్యాబులు, వాడు డెస్క్‌టాప్ మీద దాచుకున్న ఫైళ్లు కూడా దాంతోపాటే పోతాయి. నెట్ సెంటర్‌లో పనిచేసుకునేవాళ్లు పెన్‌డ్రైవ్‌లోనో, తమ మెయిల్‌లోనో వేసుకోకుండా లేవకూడదు.

సరే, పోయాయి. ఏం చేయాలి? మొట్టమొదట, కంగారులో నాలుగు కొత్త పేజీలు తెరిచి వెతకడం మొదలుపెట్టకండి. కొత్త పని చేసేకొద్దీ పాత జాబితా మీద కొత్త జాబితా పడుతుంది. ముందు కంట్రోల్, షిఫ్ట్, టీ అనే మూడు మీటలు కలిపి నొక్కండి. చివరగా మూసిన ట్యాబో విండోనో తిరిగి వస్తుంది. వస్తున్నంతసేపూ నొక్కవచ్చు. రాకపోతే ఫైర్‌ఫాక్స్‌లో హిస్టరీ మెనూలో వెనకటి సెషన్‌ను తిరిగి తెచ్చే వరుస ఉంటుంది. క్రోమ్ హిస్టరీలో ఇటీవల మూసినవి అన్న చోట ఇన్ని ట్యాబులున్న విండో అని ఒకే వరుసలో కనిపిస్తుంది, దాన్ని నొక్కితే మొత్తం కట్ట ఒకేసారి వస్తుంది. అదీ లేకపోతే హిస్టరీలో పేరుపేరునా వెతకడమే. క్రోమ్‌లో హిస్టరీ 90 రోజుల వరకే ఉంటుందని గుర్తుంచుకోండి. మూడు నెలల కిందట తెరిచి, అప్పటి నుంచి ముట్టని ట్యాబు పోతే హిస్టరీ కూడా ఆదుకోదు.

పోకుండా ఉండాలంటే పని చాలా చిన్నది. బ్రౌజర్ సెట్టింగుల్లో, మొదలయ్యేటప్పుడు ఏం చేయాలి అన్నచోట, ఆపినచోటి నుంచే కొనసాగించమని ఎంచుకోండి. ఒక్కసారి చేస్తే చాలు. విండోస్‌లో యాక్టివ్ అవర్స్ అని ఉంటుంది, మీరు నిజంగా పనిచేసే గంటలు అక్కడ పెట్టండి. రాత్రి చదివేవాళ్లు రాత్రి గంటలే పెట్టాలి. పడుకునే ముందు కంట్రోల్, షిఫ్ట్, డీ నొక్కితే తెరిచి ఉన్న ట్యాబులన్నీ ఒకే ఫోల్డర్‌లో బుక్‌మార్కులుగా చేరతాయి. ఆ ఫోల్డర్‌కు ఆ రోజు తేదీ పేరుగా పెట్టండి.

ఇవన్నీ చేసినా తిరిగి రానివి కొన్ని ఉంటాయి. ట్యాబు తిరిగి వస్తే పేజీ చిరునామా వచ్చినట్టే తప్ప, ఆ పేజీలో మీరు చేసిన పని వచ్చినట్టు కాదు. సగం నింపిన దరఖాస్తు, ఫీజు కడుతూ ఆగిన లావాదేవీ, లాగిన్ అయి తెరిచిన ఖాతా, ఇవి సాధారణంగా మొదటికే వస్తాయి. భద్రత కోసం సైట్లే కొంత సమయం తర్వాత లాగిన్ తెంచేస్తాయి. డీఎస్సీ దరఖాస్తయినా, గురుకుల ప్రవేశమైనా, అప్లికేషన్ నంబరు, కట్టిన ఫీజు రెఫరెన్స్ నంబరు కనిపించిన ఆ క్షణమే కాగితం మీద రాసుకోండి. ఫోనుతో ఫొటో తీసినా మంచిదే. డబ్బు కోతపడిందో లేదో తెలియని స్థితిలో మళ్లీ కట్టేస్తే, రెండోసారి కట్టింది వెనక్కి రావడానికి ఎన్ని చోట్ల తిరగాలో మా ఊరి పిల్లలకు బాగా తెలుసు.

ఇంత చెప్పాక, "అయితే అప్‌డేట్లే ఆపేస్తాం" అని ఎవరైనా అనుకుంటారేమో. దయచేసి ఆ పని చేయకండి. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లను పట్టి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ వైరస్ దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే, రెండు నెలల ముందే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. అప్‌డేట్ కావాల్సిందే. దానికి సిద్ధంగా ఉండటం మన చేతుల్లో ఉంది, మన పనిని గౌరవించి ముందుగా అడగడం సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ల చేతుల్లో ఉంది. "ఇన్ని ట్యాబులు తెరిచి ఉన్నాయి, దాచి మూయమంటారా?" అని స్పష్టమైన తెలుగులో ఒక్క మాట అడిగితే సగం కష్టం తీరుతుంది. ఇప్పుడు వచ్చే హెచ్చరిక తెర మూలన ఇంగ్లీషులో మెరిసి పోతుంది. రాత్రి పన్నెండింటికి ఛందస్సు చదువుకునే అమ్మాయి అది చూడకపోతే తప్పు ఆమెది కాదు.

చిరునామా దాచుకుంటే చాలా అంటే, అదీ చాలదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో చేసిన అధ్యయనంలో, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోవడం లేదని తేలింది. అంటే మన ట్యాబు పదిలంగా ఉన్నా అవతల పేజీయే లేకుండా పోవచ్చు. తెలుగువాళ్లకు ఇది స్వానుభవం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్‌లో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల పథకంలో మన దేశం భాగమైంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటులో ఉంచారు. దుకాణంలో దొరకని పాత పుస్తకం అక్కడ దొరికేది. పరిశోధక విద్యార్థులు ఆ లింకులు దాచుకున్నారు, వ్యాసాల్లో ఇచ్చారు. కొన్నేళ్ల కిందట ఆ సైటు ఆగిపోయింది. దాచుకున్న లింకులన్నీ ఒక్కసారిగా చచ్చిపోయాయి.

అయినా పుస్తకాలు పోలేదు. వాటిలో పెద్ద భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరింది. ప్రతి పుస్తకానికీ ఉన్న గుర్తింపు సంఖ్య కూడా వెంట వచ్చింది. లింకు ఒక్కటే దాచుకున్నవాళ్లు చేతులు నలుపుకున్నారు. పుస్తకం పేరు, రచయిత పేరు, ఆ సంఖ్య రాసిపెట్టుకున్నవాళ్లు నిమిషంలో కొత్త చోట పట్టుకున్నారు. తెలుగు వికీపీడియా కార్యకర్తలు ఆ సైటులోని తెలుగు పుస్తకాల జాబితాలు ఓపిగ్గా తయారుచేసి పెట్టారు. ఎవరూ పిలిచి శాలువా కప్పని పని అది. ఈ వేదిక నుంచి వాళ్లకు నమస్కారం చెబుతున్నాను.

మన అమ్మాయికి కూడా నేను చెప్పింది అదే. ఒక పొడుగు నోటుబుక్కు తీసుకుని, ప్రతి ట్యాబుకూ ఒక వరుస. పేజీ పేరేమిటి, ఎవరు పెట్టారు, అందులో నాకు కావలసింది ఏమిటి, ఎంతవరకు చదివాను. నాలుగు ముక్కలు. మొదట్లో విసుగనిపించిందంది. వారం తిరిగేసరికి తెరిచి ఉంచే ట్యాబులు సగానికి సగం తగ్గాయి. రాసుకున్నాక మూయడానికి భయం లేదు కదా. ఛందస్సు పట్టిక మాత్రం చివరిదాకా దొరకలేదు. తానే కూర్చుని గణాల పట్టిక కట్టుకుంది, భగణం దగ్గర అచ్చుతప్పు లేకుండా.

చివరగా నా మనవి రెండు మాటలు. నెట్ సెంటర్లు, జెరాక్స్ షాపులు నడిపే అన్నలారా, యంత్రం రీస్టార్ట్ చేసే ముందు అక్కడ కూర్చున్న పిల్లలను ఒక్క మాట అడగండి, దరఖాస్తు పూర్తయిందా, నంబరు రాసుకున్నారా అని. దరఖాస్తుల సైట్లు తయారుచేసే అధికారులారా, సగం నింపిన ఫారం మధ్యలో ఆగితే అక్కడి నుంచే మొదలయ్యేలా ప్రతి పేజీలోనూ దాచే ఏర్పాటు పెట్టండి, సమయం ముగిసిపోతోందన్న హెచ్చరిక తెలుగులో ఇవ్వండి. పామిడిలోనైనా, పాడేరులోనైనా, అరువు కంప్యూటర్ మీద అర్ధరాత్రి ఉద్యోగానికి దరఖాస్తు చేసుకునే పిల్లలకు మీరు చేయగలిగిన మేలు అది.